పరీక్ష వాళ్లది, పరువు మనదా?



ప్రతి నెలా ఈ పేజీలో పిల్లల చదువు, నిద్ర, ఫోను, పరీక్షల భయం గురించి రాస్తుంటాం. ఈసారి పిల్లల్ని కాసేపు పక్కన ఉంచి మన సంగతి చూసుకుందాం. ఎవరినో వేలెత్తి చూపించడం నాకు ఇష్టం లేదు కాబట్టి నాతోనే మొదలుపెడతాను.

నేను పద్నాలుగేళ్లుగా స్కూల్ కౌన్సెలర్‌ని. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉండగా బ్రాంచిల మధ్య తెలుగు వక్తృత్వ పోటీ జరిగింది. ఆ రోజు పొద్దున్నే తనకి లంగా ఓణీ వేసి, జడలో మల్లెలు పెట్టి, గుమ్మం దగ్గర నిలబెట్టి ఫొటో తీశాను. ‘మా ఇంటి సరస్వతి’ అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. హాలుకి చేరేలోపే నలభై మంది చూశారు. మా ఆడపడుచు వరసగా చప్పట్ల బొమ్మలు పంపింది.

పదకొండింటికి తన వంతు వచ్చింది. మొదటి రెండు నిమిషాలు గడగడా మాట్లాడింది. తర్వాత ఆగిపోయింది. మైకు వైపు చూసింది, నా వైపు చూసింది. పక్కనున్న టీచరు “పర్లేదమ్మా, నెమ్మదిగా చెప్పు” అన్నారు. తను తల అడ్డంగా ఊపి, మెట్లు దిగి వచ్చేసింది. నేను మూడో వరసలో వేరే బ్రాంచిల ప్రిన్సిపాళ్ల పక్కన కూర్చుని ఉన్నాను. అవమానంతో నా మొహం వేడెక్కిపోయింది.

కారెక్కాక నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట: “ఇంతమందిలో నా పరువు తీశావు.”

ఇంటికి వెళ్లగానే స్టేటస్ తీసేశాను. ఎవరైనా ‘ప్రైజు వచ్చిందా?’ అని అడుగుతారేమోనని.

రెండు రోజులు తను మామూలుగానే ఉంది. మూడో రోజు రాత్రి అన్నం తింటూ అడిగింది. “అమ్మా, స్టేటస్ ఇరవై నాలుగు గంటలు ఉంటుంది కదా. అప్పటిదాకా కూడా నన్ను ఉంచలేకపోయావా?”

నేను చాలా జవాబులు చెప్పాను. టాపిక్ కష్టమైనదన్నాను. మైకు సరిగా లేదన్నాను. నిన్ను ఎవరూ ఏమీ అనకూడదనే తీశానన్నాను. నీకోసం ఎన్ని రాత్రులు మేలుకున్నానో లెక్క చెప్పాను. అన్ని మాటల్లోనూ, స్టేజీ మీద నీకేమైంది నాన్నా, అని మాత్రం అడగలేదు.

అదే వారం నా గదిలో ఒక తండ్రికి, “మార్కులు మీ అబ్బాయివి సార్, మీవి కావు” అని ఎంతో ఓపిగ్గా చెప్పి పంపాను. ఆ సంగతి నాకు గుర్తొచ్చింది అన్నం దగ్గర కాదు, అర్ధరాత్రి నిద్ర పట్టనప్పుడు.

అద్దంలో ఎవరిని చూస్తున్నాం?

నార్సిసిజం అనే మాట ఇప్పుడు అందరి నోటా వినిపిస్తోంది. తన మీద తనకే మోజు, తన గొప్ప తప్ప మరొకరి బాధ కనిపించకపోవడం అని దానికి స్థూలంగా అర్థం. మన ఆఫీసులో బాసులో దాన్ని ఇట్టే కనిపెడతాం. పెళ్లిలో మైకు వదలని పెదనాన్నలో కనిపెడతాం. ఇంటి గొడవల్లో భర్త భార్యనీ, భార్య భర్తనీ ఆ మాటతో తిట్టుకోవడమూ చూస్తున్నాను. తనలో ఉందేమో అని చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

నీటిలో తన నీడని చూసి మోహించి, దాన్ని వదలలేక అక్కడే క్షీణించిపోయిన నార్సిసస్ అనే గ్రీకు కుర్రవాడి కథ నుంచి ఆ పేరు వచ్చింది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1914లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. అందులో తల్లిదండ్రులు ఆగి చదువుకోవాల్సిన సంగతి ఒకటుంది. పిల్లల మీద మనం కురిపించే ప్రేమలో చాలా భాగం మన మీద మనకున్న మోజే, పిల్లల రూపంలో మళ్లీ పుట్టిందే అంటాడాయన. మనం తీర్చుకోలేని కలలు వాళ్లు తీర్చాలనుకుంటాం, మనల్ని ఆపిన అడ్డంకులు వాళ్లని ఆపకూడదనుకుంటాం అంటాడు. ఫ్రాయిడ్ చెప్పినవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఈ ఒక్కటి మాత్రం చదివిన తల్లికీ తండ్రికీ ఎక్కడో గుచ్చుకుంటుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అనేది వైద్యులు నిర్ధారించాల్సిన సమస్య. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో దాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చింది. తొమ్మిది లక్షణాల్లో కనీసం అయిదు ఉండాలి, అవి దీర్ఘకాలంగా పలు రకాల సందర్భాల్లో కనిపించాలి. మనలో ఎక్కువమందిది అంత దూరం వెళ్లిన సమస్య కాదు. మనకున్నవి ఛాయలు. పొగడ్త లేకపోతే ఒక పూట గడవకపోవడం, తప్పు ఒప్పుకోవాలంటే గొంతులో అడ్డుపడటం, ఎవరేం చెప్పినా చివరికి మన కథ దగ్గరికే తీసుకురావడం. ఛాయలు కాబట్టి తగ్గించుకోవచ్చు. ఈ వ్యాసం ఆ ఆశతోనే రాస్తున్నాను.

బ్రిటన్‌కి చెందిన డొనాల్డ్ వినికాట్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు కూడా. పసిబిడ్డకి మొదటి అద్దం తల్లి ముఖమేనని ఆయన 1967లో రాశాడు. బిడ్డ అమ్మ ముఖంలోకి చూసి, అక్కడ తనని తాను చూసుకుంటుంది. ‘నన్ను చూస్తున్నారు, కాబట్టి నేనున్నాను’ అన్న ధైర్యం అక్కడే మొదలవుతుంది. ఇబ్బంది ఎక్కడ వస్తుందంటే, మనం ఆ వరస తిప్పేసినప్పుడు. పిల్లలకి అద్దంగా ఉండాల్సిన మనం పిల్లల్నే అద్దం చేసుకుని అందులో మన ముఖం ఎలా ఉందో చూసుకుంటాం. ర్యాంకు వస్తే ముఖం వెలుగుతుంది. రాకపోతే అద్దాన్ని తిడతాం.

ఆ రోజు స్టేజీ మీద ఆగిపోయి మా అమ్మాయి నా వైపు చూసింది అన్నాను కదా. తనకి అప్పుడు నా ముఖంలో ఏం కనిపించి ఉంటుందో ఊహించడానికి ఇప్పటికీ నాకు ధైర్యం చాలదు.

కాకి పిల్ల కాకికి ముద్దే

“మేం పిల్లల్ని పొగుడుతూనే ఉంటాం మేడమ్, తిట్టడం మా ఇంటావంటా లేదు” అంటారు కొందరు. పొగడ్తలోనూ ఈ సమస్య దాక్కుంటుంది.

నెదర్లాండ్స్‌లో 7 నుంచి 11 ఏళ్ల మధ్య వయసున్న 565 మంది పిల్లలనీ, వాళ్ల తల్లిదండ్రులనీ ఆరేసి నెలల తేడాతో నాలుగుసార్లు ప్రశ్నించి చేసిన ఒక పరిశోధన 2015లో వెలువడింది. ఎడ్డీ బ్రమ్మెల్మన్, ఆయన సహచరులు చేసిన పని అది. ‘మా పిల్లవాడు మిగతా పిల్లలకన్నా ప్రత్యేకం, వాడికి ప్రత్యేక మర్యాద దక్కాలి’ అని నమ్మే తల్లిదండ్రుల పిల్లల్లో కాలక్రమేణా నార్సిసిజం ఛాయలు పెరిగాయి. కానీ ఆత్మగౌరవం పెరిగింది వేరే పిల్లల్లో. ‘అమ్మకీ నాన్నకీ నేనంటే ఇష్టం’ అని అనిపించిన పిల్లల్లో. గొప్పవాడివని చెప్పడం వేరు, ఇష్టమని తెలియజేయడం వేరు అన్నమాట. మనం రెండూ ఒకటేననుకుని మొదటిదే ఎక్కువ చేస్తుంటాం.

అదే బృందం మరోచోట తల్లిదండ్రులకి ఒక జాబితా ఇచ్చి, వీటిలో మీ పిల్లలకి ఏవేవి తెలుసో చెప్పమంది. అందులో నిజమైన విషయాలతో పాటు అసలు లేని పుస్తకం పేరు, అసలు లేని రాణి పేరు కూడా కలిపింది. పిల్లల్ని అతిగా గొప్ప చేసుకునే తల్లిదండ్రులు, ఆ లేనివి కూడా మా వాడికి తెలుసని చెప్పారు. చదివినప్పుడు నవ్వొచ్చింది. ఆ తర్వాత పేరెంట్ టీచర్ మీటింగుల్లో నేను విన్నవి, బంధువుల ముందు నేను చెప్పినవి గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

పొద్దున ‘సరస్వతి’ అన్నదీ నేనే, మధ్యాహ్నం ‘పరువు తీశావు’ అన్నదీ నేనే. పైకి ఒకటి పొగడ్త, ఒకటి తిట్టు. రెండింటిలోనూ మాట్లాడింది నా గురించే.

యయాతి తీసుకున్న అప్పు

మన భారతంలో ఆదిపర్వంలో యయాతి కథ ఉంది. నన్నయ గారి తెలుగులోనూ ఉంది. శుక్రాచార్యుడి శాపంతో రాజుకి ఉన్నట్టుండి ముసలితనం వస్తుంది. కోరికలు మాత్రం తీరలేదు. ఎవరైనా తమ యవ్వనం ఇస్తే మార్చుకోవచ్చని శుక్రుడు వెసులుబాటు ఇస్తాడు. యయాతి కొడుకుల్ని పిలిచి ఒక్కొక్కరినీ అడుగుతాడు. యదువు కాదంటాడు. తుర్వసుడు, ద్రుహ్యుడు, అనువు కూడా కాదంటారు. చివరివాడు పూరువు ఒప్పుకుని తండ్రి ముసలితనం తీసుకుంటాడు. ఆ యవ్వనంతో యయాతి వెయ్యేళ్లు అన్ని సుఖాలూ అనుభవిస్తాడు.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడు పూరువు పితృభక్తి గురించే చెప్పేవారు. ఇప్పుడు తల్లినయ్యాక చదివితే నాకు తండ్రి అడిగిన తీరే కనిపిస్తుంది. నా బతుకు ఇంకా మిగిలిపోయింది, నీ వయసు నాకివ్వు అంటున్నాడాయన. మనం ఇంత సూటిగా అడగం. ‘నేను డాక్టర్ కాలేకపోయాను, నువ్వు కావాలి’ అంటాం. ‘మా రోజుల్లో ఇన్ని వసతులు లేవు’ అంటాం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించి, అది వాడి కోరికేనని మనల్ని మనం నమ్మించుకుంటాం.

అప్పు తీసుకున్న సంగతి నాకూ చాలా ఆలస్యంగా తెలిసింది. నేను పదో తరగతిలో జిల్లా స్థాయి వక్తృత్వ పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్నాను. స్టీలు గిన్నె ఇచ్చారు. పరుగెత్తుకుంటూ ఇంటికొచ్చి నాన్నకి చూపిస్తే, ఆయన కళ్లజోడు సర్దుకుంటూ “మొదటిది ఎవరికొచ్చింది?” అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. వాళ్ల నాన్న ఆయనతో ఎలా మాట్లాడారో అలాగే మాట్లాడారు. కానీ ఆ మొదటి బహుమతి కోసం నేను ముప్ఫై ఏళ్లు ఎదురుచూశాను. మా అమ్మాయి పోటీకి పేరు ఇచ్చింది నేను. టాపిక్ ఎంచింది నేను. ప్రసంగం రాసింది నేను. తను మరిచిపోయింది నా మాటలు.

2013లో వచ్చిన మరో డచ్ పరిశోధన ఇదే చెప్తుంది. 73 మంది తల్లిదండ్రులకి ఒకదాని మీదికి ఒకటి తక్కువగానో ఎక్కువగానో జరిగిన రెండు వృత్తాల బొమ్మలు చూపించారు. ఒక వృత్తం మీరు, ఒకటి మీ బిడ్డ. ఏ బొమ్మ మీకు సరిపోతుందని అడిగారు. తర్వాత కొందరిని తమకి తీరని ఆశల గురించి, కొందరిని తెలిసినవాళ్ల తీరని ఆశల గురించి రాయమన్నారు. బిడ్డని తనలో భాగంగా చూసేవాళ్లు తమ సొంత ఆశలు గుర్తుచేసుకున్నప్పుడు, అవి తమ బిడ్డే తీర్చాలని ఎక్కువగా కోరుకున్నారు.

ఈ రాత్రి ఒక కాగితం మీద ఆ రెండు వృత్తాలు మీరూ గీసి చూడండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

మనలో ఉందా, లేదా?

ఈ ప్రశ్నలకి మార్కులు లేవు. నిజాయితీగా జవాబు చెప్పుకుంటే చాలు.

– బిడ్డకి మార్కులు తగ్గాయని తెలియగానే మనకి మొదట గుర్తొచ్చేది బిడ్డ ముఖమా, తోటికోడలు ముఖమా?

– పేరెంట్ టీచర్ మీటింగులో టీచరుకి దొరికే పది నిమిషాల్లో మనమే ఎంతసేపు మాట్లాడుతున్నాం?

– మన స్నేహితుల పిల్లలకి మంచి సీటు వచ్చిందంటే, ‘చాలా సంతోషం’ తర్వాత ‘కానీ’ అనకుండా ఉండగలుగుతున్నామా?

– బిడ్డ దగ్గర చివరిసారి ఎప్పుడు క్షమాపణ అడిగాం?

– పిల్లలు మనకి చెప్పకుండా దాచేవి పెరుగుతున్నాయా?

చివరిది ముఖ్యం. పిల్లలు అబద్ధాలకోరులు కావడం వల్ల దాచరు. చెబితే మన మనసు ఎలా పాడవుతుందో, ఆ తర్వాత మనల్ని ఓదార్చే పని కూడా తమదే అవుతుందో తెలిసి దాస్తారు. నా గదిలో కూర్చుని ఏడ్చే పిల్లల్లో చాలామంది తమ మార్కుల గురించి కన్నా, “అమ్మ రెండు రోజులు అన్నం తినదు మేడమ్” అన్న దిగులుతో ఏడుస్తారు. పదమూడేళ్ల బిడ్డ మోయాల్సిన బరువు కాదది.

తగ్గించుకోవడం ఎలా?

‘నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు’ అనే మనిషి ఒక్కరోజులో మారడు. నేనూ మారలేదు. కానీ కొన్ని చిన్న పనులు నాకు ఉపయోగపడ్డాయి. నా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో కొందరికీ ఉపయోగపడ్డాయి.

మొదటి ప్రశ్న మార్చండి. స్లిప్ టెస్టు ఉన్న రోజు బిడ్డ ఇంట్లోకి రాగానే “ఎన్ని వచ్చాయి?” అనే బదులు “ఎలా ఉన్నావు?” అనండి. జవాబు వచ్చేదాకా ఆగండి. మొదట్లో పిల్లలు అనుమానంగా చూస్తారు. ‘ఇప్పుడు మార్కులు అడుగుతుంది చూడు’ అన్నట్టు. రెండు వారాలు ఓపిక పడితే ఆ చూపు తగ్గుతుంది.

పోస్టు చేసే ముందు అడగండి. ఫొటో వాళ్లది, మార్కుల కాగితం వాళ్లది. “పెట్టనా?” అని అడగండి. వద్దంటే వద్దు. ఒప్పుకున్నా ఒక రోజు ఆగి పెట్టండి. ఆ ఒక్క రోజులో ఆ పోస్టు ఎవరికోసమో మనకే తెలిసిపోతుంది. నేను ఆగినవాటిలో సగం పైగా తర్వాత పెట్టనేలేదు.

‘కానీ’ లేని క్షమాపణ నేర్చుకోండి. మా అమ్మాయికి నేను మొదట చెప్పింది ఇది: “సారీ, కానీ నువ్వు కూడా ఇంకొంచెం ప్రాక్టీసు చేసి ఉండాల్సింది.” అది క్షమాపణ కాదు, తీర్పు. పది రోజుల తర్వాత మళ్లీ కూర్చుని, “నీ పోటీని నా పోటీ చేసుకున్నాను. నువ్వు భయపడినప్పుడు నిన్ను పట్టించుకోలేదు. స్టేటస్ తీసేయడం తప్పు” అని ఆపేశాను. అక్కడ ఆపడం ఎంత కష్టమో అనుభవిస్తే గానీ తెలియదు. నాలుక చివర పది సంజాయిషీలు ఉంటాయి. మింగేయాలి.

మీ కల మీరే తీర్చుకోండి. ఆగిపోయిన వీణ ఉంటే దుమ్ము దులిపి తీయండి. డిగ్రీ మధ్యలో వదిలేసి ఉంటే దూరవిద్యలో చేరండి. యాభై ఏళ్ల వయసులో కూచిపూడి మొదలుపెట్టిన తల్లి ఒకావిడ నాకు తెలుసు. ఆమె కూతురికి నాట్యం క్లాసు మానేసే స్వేచ్ఛ దొరికింది ఆ నెలలోనే. నేను మా కాలనీ గ్రంథాలయంలో నెలకోసారి ఒక పుస్తకం గురించి మాట్లాడుతున్నాను. వచ్చేది పన్నెండు మంది. నా స్టేజీ నాకు దొరికింది కాబట్టి అమ్మాయి స్టేజీ మీద నా కన్ను తగ్గింది.

ఓడిపోయిన కథలు చెప్పండి. మనం ఎలా కష్టపడి పైకొచ్చామో పిల్లలకి కంఠతా వచ్చు. ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పిన సంగతి, ఇంటర్వ్యూలో నోరు పెగలక లేచి వచ్చేసిన సంగతి చెప్పం. చెప్పండి. మనల్ని తక్కువ చేసి చూస్తారేమోనని భయం. అలా జరగదు. దగ్గరికి వస్తారు.

‘ఆగు’ అనే హక్కు ఒకరికి ఇవ్వండి. నార్సిసిజానికి ఉన్న పెద్ద చిక్కు, అది లోపలి నుంచి కనిపించదు. అందుకే బయటి మనిషి కావాలి. మా ఇంట్లో ఆ పని మా వారిది. బంధువుల ఫోనులో నేను అమ్మాయి గురించి ఊదరగొడుతుంటే ఆయన మంచినీళ్ల గ్లాసు తెచ్చి నా ముందు పెడతారు. అది మా ఇద్దరి మధ్య సైగ. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు నీళ్లు తాగుతాను.

గర్వపడటం కూడా తప్పేనా?

ఈ మాట మీరు ఈపాటికే అనుకుని ఉంటారు. అడగాల్సిన మాటే. ఫీజులు కట్టడానికి రెండు ఉద్యోగాలు చేసే తండ్రులున్నారు. పొద్దున నాలుగున్నరకి లేచి టిఫిను బాక్సులు సర్దే తల్లులున్నారు. వాళ్లకి ఒక ర్యాంకు చూసి మురిసిపోయే హక్కు లేదా?

తప్పకుండా ఉంది. పుత్రోత్సాహం గురించి సుమతీ శతకంలో ఉన్న పద్యం మనమంతా బడిలో నేర్చుకున్నదే. అందులో జనం మెచ్చుకునేది కొడుకుని. తండ్రి వాడిని చూసి సంతోషిస్తాడు. ఆ వరస అలా ఉన్నంతవరకూ గర్వం అందమైనదే. కొడుకుని మెచ్చుకునే సాకుతో జనం నన్ను మెచ్చుకోవాలి అనుకున్నప్పుడే అది పాడవుతుంది. తేడా తెలుసుకోవడానికి సులువైన దారి ఒకటుంది. ర్యాంకు రాని రోజున కూడా ఆ బిడ్డ పక్కన అదే దగ్గరితనంతో కూర్చోగలిగితే, వచ్చిన రోజు గర్వం మంచిదే.

బడిలో పనిచేసే మనిషిగా మరో మాట కూడా ఒప్పుకోవాలి. ఫలితాల రోజు గేటుకి ఫ్లెక్సీ కట్టేది మేమే. ఫొటోలూ ర్యాంకులూ పెద్ద అక్షరాలతో వేసేది మేమే. ఆ ఫ్లెక్సీ కింద నుంచి నడిచి లోపలికి వచ్చే పిల్లల్లో అందులో ఫొటో లేనివాళ్లే ఎక్కువ. మిమ్మల్ని అద్దం దించమని అడుగుతూ మేం గేటు దగ్గర ఇంకా పెద్ద అద్దం నిలబెడితే అది న్యాయం కాదు. స్టాఫ్ సమావేశంలో నేను ఈ మాట అన్నాను, ఇక్కడా అంటున్నాను. మీరూ అడగండి. తల్లిదండ్రులు అడిగితే బడులు వింటాయి.

సాయం అడగడంలో చిన్నతనం లేదు

కొందరికి ఈ చిన్న పనులు సరిపోకపోవచ్చు. చిన్న విమర్శకే రోజుల తరబడి కోపం చల్లారకపోవడం, ఇంట్లో అందరూ మనల్ని చూసి గొంతు తగ్గించడం, పిల్లలు మాట్లాడటమే మానేయడం లాంటివి ఉంటే నిపుణుల దగ్గరికి వెళ్లండి. చాలాసార్లు ఈ గొప్పల పొర కింద పాత సిగ్గు, పాత భయం ఉంటాయి. ఎవరో ఎప్పుడో “మొదటిది ఎవరికొచ్చింది?” అని అడిగి ఉంటారు. అది ఒంటరిగా తవ్వుకోవడం కష్టం. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ సేవకి 14416 నంబరులో ఎప్పుడైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఖర్చు లేదు. బడిలో కౌన్సెలింగ్ గది కూడా పిల్లలకి మాత్రమే కాదు, మీకోసం కూడా తెరిచే ఉంటుంది. అక్కడున్న మనిషికి ఈ విషయం పుస్తకాల్లోంచే కాక సొంత ఇంట్లోంచీ తెలుసని ఇప్పుడు మీకు తెలుసు.

యయాతి కథ ముగింపు చాలామంది చెప్పరు. వెయ్యేళ్లు గడిచాక, ఎంత అనుభవించినా కోరిక తీరేది కాదని ఆయనకి తెలిసొస్తుంది. పూరువుని పిలిచి యవ్వనం తిరిగి ఇచ్చేస్తాడు. తన ముసలితనం తాను తీసుకుని, రాజ్యం కొడుక్కి అప్పగించి అడవికి వెళ్తాడు. ఆయన చేసిన గొప్ప పని ఏదైనా ఉంటే ఆ తిరిగి ఇవ్వడమే. మనకి వెయ్యేళ్లు లేవు. బిడ్డ పదో తరగతి దాటి హాస్టలుకి వెళ్లేదాకా ఉన్న కొద్ది ఏళ్లే ఉన్నాయి.

మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఆ తర్వాత స్టేజీ ఎక్కలేదు. ఎక్కమని నేను అడగలేదు. అన్నీ చక్కబడ్డాయని చెప్పను. కొన్ని సంగతులు ముందు వాళ్ల నాన్నకే చెప్తుంది, అది నేను సంపాదించుకున్నదే. పోయిన నెలలో ఒక సాయంత్రం డ్రాయింగ్ పుస్తకం పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

“ముందే చెప్తున్నా, స్టేటస్‌లో పెట్టకూడదు.”

“పెట్టను” అన్నాను.

మా వీధి చివర కిరాణా కొట్టు బొమ్మ. కౌంటరు మీద బియ్యం సంచికి ఆనుకుని నిద్రపోతున్న పిల్లి. “పిల్లి తోక భలే వచ్చింది” అన్నాను.

“ఇంకేం అనవా?”

“ఇంకేమనాలి?”

“ఏం లేదు” అని నవ్వి, ఆ తోక ఎన్నిసార్లు చెరిపి వేసిందో పావుగంట సేపు చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. ఫోను పక్కగదిలో ఛార్జింగులో ఉంది.

– మీ స్కూల్ కౌన్సెలర్